చేపల డబ్బాల బండి

బండి బొమ్మ చేసేవాడెవడైనా చక్రాలతో మొదలుపెడతాడు. ఊరంతా కుడెడమ అని పిలిచే ముసలాయన బూట్లతో మొదలుపెట్టాడు.

రెండు కర్రముక్కలు చాకుతో చెక్కి, నల్లరంగులో ముంచి, కిటికీ అంచున ఆరబెట్టాడు. ఒక్కొక్కటి చిటికెనవేలి కణుపంత. మడమల కింద సన్నటి తీగని లాడంలా వంచి అతికించాడు. యుద్ధంలో అతని కమాండరు బూట్లకి అక్కడ ఇనుము ఉండేది. తను నడిస్తే నలుగురికీ వినపడాలి ఆయనకి.

ఆరాక రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాడు. కిటికీలోంచి బయటికి ఉమ్మాడు.

"చేసేదీ నువ్వే, ఉమ్మేదీ నువ్వే," అంది అతని భార్య గిన్నెలు తోముతూ. "అంత రోతగా ఉంటే మానెయ్యరాదూ?"

అతను పలికే మనిషి కాదు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడవి. దగ్గు, తుమ్ము, ఉమ్ము అతనివి.

నిజానికి ఈ పనికి ఒప్పుకున్నది కూడా ఆవిడే. పాత సైనికుల సంఘం గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు. సంఘానికి కొత్త హాలు కట్టారు. దాన్ని తెరవడానికి పాత కమాండరు వస్తున్నాడు. హాలు మధ్యలో గాజుపెట్టె పెట్టారు. ఆయన యుద్ధంలో తిరిగిన బండి బొమ్మ అందులో ఉండాలి. అసలు బండిని ఏనాడో ముక్కలు కోసి పాత ఇనుము కింద అమ్మేశారు. బజార్లో అలాంటి బొమ్మ దొరకదు.

"దాని లోపలా బయటా తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు తాతా. డ్రైవరువి కదా. చేసిపెట్టు. కమాండరుగారు సంతోషిస్తారు."

సంతోషం అన్న మాట వినగానే కుడెడమ తల అడ్డంగా ఊపబోయాడు.

"ఆ రోజు వంటవాళ్ళని కూడా పిలుస్తారా?" అని లోపల్నించి అడిగింది భార్య.

"అందర్నీ పిలుస్తున్నాం పెద్దమ్మా."

"అయితే చేస్తాడు. వెళ్ళిరా నాయనా."

వంటవాడంటే ఆవిడ తమ్ముడు, యుద్ధంలో అదే దళానికి వండిపెట్టినవాడు. రెండు వీధుల అవతల స్టవ్వులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఆవిడ అక్కడికి వెళుతుంది. అతను ఇక్కడికి రాడు. కాలు పోయినప్పట్నించీ ఈ గడప తొక్కలేదు. బావ ఎదురుపడితే చంకకర్ర తిప్పుకుని వీధి అవతలికి నడుస్తాడు. కొత్త హాల్లోనైనా ఇద్దరూ ఒక బల్ల ముందు కూర్చుంటారని ఆవిడ ఆశ. తను పోయేలోగా తమ్ముడు తన ఇంట్లో తన చేతి ముద్ద తినాలి. ఆవిడకి వేరే కోరిక లేదు.

కుడెడమకీ లేదు. కాకపోతే అతను చెప్పడు.

యుద్ధంలో కొన్ని బండ్లు కాలుస్తాయి. కొన్ని మోస్తాయి. కమాండరు బండి ఆ రెండూ చెయ్యదు. ఎనిమిది చక్రాల ఇనుపపెట్టె. లోపల మ్యాపు పరిచిన బల్ల, గోడకి రేడియోలు, పైన గుండ్రటి మూత. అందులో కూర్చుని అందరికీ పనులు చెబుతారు. కుర్రాళ్ళు దానికి అత్తగారని పేరు పెట్టుకున్నారు. ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టదు, ఒక్కర్ని కూర్చోనివ్వదు.

అత్తగారికి ముందువైపు అడుగున ఒక గుంట. అందులో డ్రైవరు. అతని వెనక, అతని నెత్తికి పైన, కమాండరు సీటు. కమాండరు మూతలోంచి తల బయటపెట్టి దారి చూస్తాడు. డ్రైవరుకి కనపడేది వేలెడు సందు. ఇంజను మోతలో మాట వినపడదు. చెవులకి పెట్టుకునే ఫోన్లు ఏనాడూ పనిచేసిన పాపాన పోలేదు. అందుకని బూట్లు.

కుడిభుజం మీద తంతే కుడికి. ఎడమభుజం మీద తంతే ఎడమకి. రెండూ ఒకేసారి పడితే ఆగు. నెత్తిన పడితే బయల్దేరు.

ఆ బూట్లు ఎక్కడెక్కడో తొక్కి వచ్చేవి. పేడ, మురుగు, ఎవడి నెత్తురో. అంతా కుడెడమ చొక్కాకి. మెడ వెనకనుంచి వీపు మీదికి జారేది. సాయంత్రం చొక్కా పిండితే నీళ్ళు నల్లగా వచ్చేవి. భోజనం దగ్గర చెయ్యి నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

ఒక సాయంత్రం కుడిభుజం మీద గట్టిగా తన్ను పడింది. కుడికి తిప్పాడు. కుడివైపు వంట గుడారం ఉంది. అందులో బావమరిది పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు, కుడికాలు చాపుకుని.

విచారణ పెట్టారు. డ్రైవర్ని అడిగారు. "కుడిభుజం మీద తన్నారండి," అన్నాడు. కమాండర్ని అడిగారు. "ఎడమ కాలితో తన్నాను," అన్నాడు ఆయన గుండె మీద చెయ్యేసుకుని. కమాండరుది మాట. డ్రైవరుది కూత. కుడీ ఎడమా తెలియని గాడిద అని తేల్చారు. ఆ రోజునించి పేరు కుడెడమ. వీధిలో అదే, బజార్లో అదే. అసలు పేరు అతనికే ఒక్కోసారి గుర్తుకు రాదు.

అన్నిటికన్నా రోత ఏమిటంటే, ఆ మాట అతనూ నమ్మాడు. ఎడమ మీద పడిన తన్నుని తన ఒళ్ళే కుడి అనుకుందేమో. సొంత ఒంటి మీదే నమ్మకం పోయాక మనిషికి ఏం మిగులుతుంది? బావమరిదిని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళతాడు?

బొమ్మకి రేకు కావాలి. పల్చగా ఉండాలి, కత్తెరకి తెగాలి, టంకం పట్టాలి. అలాంటిది ఒకటే దొరికింది. వీధి చివర హోటలు వెనక పారేసే చేపల డబ్బాలు. కుడెడమ ముక్కుకి గుడ్డ కట్టుకుని చెత్తలో చెయ్యి పెట్టి ఏరి తెచ్చాడు. బూడిదతో తోమాడు. వేడినీళ్ళు పోశాడు. ఎండలో పెట్టాడు. ఎన్ని చేసినా, కాల్చిన టంకంకడ్డీ తగిలేసరికి రేకులో ఎక్కడో దాక్కున్న చేప లేచి కూర్చునేది. ఇల్లంతా కంపు. కర్టెన్లకి పట్టింది, దుప్పట్లకి పట్టింది, ఆవిడ జుట్టుకి పట్టింది. పిల్లులు వచ్చి గుమ్మం ముందు బైఠాయించాయి.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "ఏం వండుతున్నారమ్మా, ఇంత ఘాటుగా?"

"మా ఆయన కమాండర్ని వేయిస్తున్నాడు," అంది భార్య. "ఇంకా ఉడకలేదు."

కొలతలకి కాగితం లేదు. చెయ్యే కొలత. రోజూ కడిగిన బండి, ఎక్కడ ఎన్ని జానలో అరచేతికి తెలుసు. అసలు బండిలో జాన ఉన్నచోట బొమ్మలో వేలి మందం. అలా తలుపు కోశాడు, గోడలు వంచాడు, గుంట దించాడు. పౌడరు డబ్బా మూత కమాండరు నెత్తిమీది మూత అయింది. మందుబిళ్ళల వెండికాగితం రేడియోల మొహాలకి అంటించాడు. పాత గడియారంలో పళ్ళచక్రాలు వాటికి తిప్పుడు మీటలు. విరిగిన గొడుగు ఊచ సన్నగా సానబెట్టి ఏరియల్ చేసి పైన రంధ్రంలో గుచ్చాడు. చేతికి అలవాటైన పని చెయ్యి చేసుకుపోయింది. మొహం మాత్రం చేదుమందు మింగినట్టే ఉంది.

"చక్రాలకి రబ్బరు కావాలి," అన్నాడొక రోజు. ఆ వారానికి అదే పెద్ద మాట.

భార్య బయటికి వెళ్ళి ఒక సంచీ తెచ్చి అతని ముందు బోర్లించింది. రబ్బరు చెప్పులు. గుట్ట పడ్డాయి.

అతను ఒకటి తీశాడు. ఇంకోటి తీశాడు. అన్నీ కొత్తవి. అన్నీ కుడికాలివి.

"వాడు కొన్న ప్రతి జతలోనూ ఒకటి మిగిలిపోతుందిగా," అంది ఆవిడ మొహం అటు తిప్పుకుని. "పారెయ్యడానికి మనసొప్పదట. మంచం కిందికి తోసేవాడు. అడిగి తెచ్చాను."

"దేనికని చెప్పావు?"

"చక్రాలకని చెప్పాను. ఏ బండికని వాడడగలేదు."

కుడెడమ లేచి పెరట్లోకి వెళ్ళాడు. తిన్నదంతా కక్కాడు. నోరు కడుక్కుని వచ్చి కత్తెర తీసుకున్నాడు.

చివరికి మనుషులు. గుంటలో డ్రైవరు కర్రబొమ్మ. పైన కమాండరు కర్రబొమ్మ. ఆయనకి తొడల దగ్గర తీగ పెట్టి కాళ్ళు ఆడేలా చేశాడు. నడుముకి రేకు పట్టీ చుట్టాడు. మొహం మాత్రం చెక్కలేదు. చాకు ఎత్తాడు, చెయ్యి రాలేదు. కోడిగుడ్డులా నున్నగా వదిలేశాడు.

మర్నాడు పొద్దున భార్య బల్ల తుడుస్తూ కమాండర్ని మూతలోంచి బయటికి లాగింది. తడిగుడ్డతో తుడిచింది. మళ్ళీ లోపలికి తోసింది.

"ఏయ్!" అన్నాడు కుడెడమ. "ఎటు తిప్పిపెట్టావు వాణ్ణి? బండి ఇటుంటే మొహం అటా? ముందూ వెనకా తెలీదూ నీకు?"

"అబ్బో! కుడీ ఎడమా తెలియనాయన నాకు ముందూ వెనకా నేర్పొచ్చాడు," అంది ఆవిడ. "మొహం చెక్కావా నువ్వు, ఎటు చూస్తున్నాడో నాకు తెలియడానికి?"

అతను తిప్పిపెడదామని వంగాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

గుంటలోకి చూశాడు. డ్రైవరు ముందుకి చూస్తున్నాడు. డ్రైవరు భుజాలకి రెండు బూట్లు ఆనుకుని ఉన్నాయి. ముక్కులు కాదు, మడమలు. కుడిభుజం మీద ఉన్న బూటుని వేలితో తాకాడు. అది ఎడమ బూటు.

బొమ్మని ముందుకి తిప్పాడు. కుడిభుజం మీద కుడి బూటు. వెనక్కి తిప్పాడు. కుడిభుజం మీద ఎడమ బూటు. వెనక్కి తిరిగి నిలబడ్డవాడు తన్నాలంటే గాడిదలా మడమతో వెనక్కి తన్నాలి. ఎడమకి పొమ్మనుకుంటాడు. ఎడమ కాలే విసురుతాడు. పడేది డ్రైవరు కుడిభుజం మీద.

కుడెడమ చొక్కా విప్పాడు. భార్య వైపు వీపు పెట్టాడు.

"కుడిభుజం వెనకాల మచ్చ ఉందా?"

"పట్టపగలు ఏమిటయ్యా ఇది? ఎప్పట్నించో ఉన్నదేగా. నెలవంక."

"బూటు ముక్కుతో పొడిస్తే నెలవంక పడుతుందా?"

ఆవిడ బొమ్మ కాలు పట్టుకుని మడమ కింద తీగ చూసింది. భుజం మీద మచ్చ చూసింది. మళ్ళీ తీగ చూసింది. ఒకటే వంపు.

"ఆయన వెనక్కి తిరిగున్నాడు," అంది.

సంతోషం వస్తుందేమోనని కుడెడమ కాసేపు ఆగి చూశాడు. రాలేదు. రోతే వచ్చింది, మామూలుకంటే చిక్కగా. ఎవడి వీపు వాడికి కనపడదు, నిజమే. కానీ ఆ వీపు మీదే కదా ఇన్నేళ్ళూ పడుకున్నాడు.

హాలు తెరిచే ముందురోజు గుమాస్తా కమాండర్ని ఇంటికే వెంటబెట్టుకుని వచ్చాడు. బొమ్మ రంగు ఆరలేదని, ఇక్కడే చూస్తామని. కమాండరు ఇప్పుడు బస్తాలా ఉన్నాడు. బూట్లు లేవు. వాచిన పాదాలకి మెత్తటి చెప్పులు.

"ఏమోయ్ కుడెడమా! బతికే ఉన్నావా?" అని కుర్చీలో కూలబడ్డాడు.

భార్య టీ, బిస్కెట్లు పెట్టింది. ఆయన బిస్కెట్టు టీలో ముంచి నోట్లో పెట్టుకునేలోగా అది మెత్తబడి గడ్డం మీద పడింది. నాలుక చాపి అందుకోబోయాడు. అందలేదు. వేలితో తీసి నోట్లో వేసుకుని, వేలు కర్టెనుకి తుడిచాడు. తర్వాత బండి మీదికి వంగి చూశాడు. చూస్తూ చూస్తూ ఏరియల్ పీకాడు. దాంతో పళ్ళ సందులు గిల్లుకున్నాడు. మళ్ళీ దాని రంధ్రంలో దాన్ని గుచ్చాడు. కొనకి తడిసిన బిస్కెట్టు ముక్క వేలాడుతోంది.

"అచ్చు అత్తగారే! నేనెందుకోయ్ మొహం లేకుండా ఉన్నాను?"

కుడెడమ కమాండరు బొమ్మని పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఎడమ మడమ డ్రైవరు కుడిభుజానికి ఆనించాడు. ఆనించి కమాండరు మొహంలోకి చూశాడు.

కమాండరు కాసేపు గుంటలోకి చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు.

"కనిపెట్టావా! నాకు ఆ సాయంత్రమే తెలుసోయ్. వెనకాల వచ్చే బండి ఆగిపోయింది. లేచి వెనక్కి తిరిగి చూస్తున్నా. తన్నాక గుర్తొచ్చింది, తిరిగి ఉన్నానని."

"విచారణలో చెప్పలేదేం?" అంది భార్య.

"నేను అబద్ధమేం ఆడలేదమ్మా. ఏ కాలన్నారు, ఎడమ కాలన్నాను. ఎటు తిరిగి ఉన్నావని ఎవడడిగాడు? అయినా డ్రైవరుకి ఏం పోయింది, పేరేగా. నాకైతే సీటు పోయేది." ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు. "రేపు మాత్రం నన్ను ముందుకి తిప్పి పెట్టు. జనం చూస్తారు."

గుమాస్తా తల దించుకుని టీ తాగాడు. ఆ టీ అంత సేపు ఎవరూ తాగరు.

వాళ్ళు వెళ్ళాక కుడెడమ పట్టకారుతో ఏరియల్ పీకి, చేతికి తగలకుండా పట్టుకెళ్ళి, చెత్తలో పారేశాడు. కమాండరు ముట్టిన కప్పు కూడా పారేశాడు. భార్య అడ్డు చెప్పలేదు. కర్టెను ఆవిడే ఊడదీసి నానబెట్టింది.

"మాడు పగలగొట్టకపోయావా?" అంది.

అతను బండిని చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచాడు. రెండు పిల్లులు వెంటపడ్డాయి.

బావమరిది కొట్లో స్టవ్వు ఊడదీసుకుని కూర్చుని ఉన్నాడు. బావని చూసి కర్ర కోసం చెయ్యి చాపాడు, లేచి లోపలికి పోదామని. కర్ర అందేలోగా కుడెడమ బండిని స్టవ్వు పక్కన పెట్టేశాడు.

బావమరిది దాన్ని చూడకూడదనుకున్నాడు. కళ్ళు ఊరుకోలేదు. ముందు చక్రాలు చూశాడు. వేలితో రబ్బరు నొక్కాడు.

"నా చెప్పులు."

"ఊఁ."

పైకి చూశాడు. మూతలో కమాండరు వెనక్కి తిరిగి ఉన్నాడు. గుంటలోకి వంగి చూశాడు. మడమ చూశాడు, భుజం చూశాడు. పనివాడు కదా, విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"ఆయన వీపు," అన్నాడు మెల్లిగా. "నాకు కనపడింది బావా. బండి నా మీదికి వస్తోంది. పైన వీపు కనపడుతోంది. వచ్చే బండికి వీపేమిటి? నొప్పిలో కలగన్నాననుకున్నా. ఎవరికీ చెప్పలేదు."

"నేనే తప్పు తిప్పాననుకున్నా," అన్నాడు కుడెడమ.

"తిప్పావని కాదు నా కోపం." బావమరిది స్టవ్వులోంచి ఒక మరమేకు తీసి చేతిలో నలిపాడు. "కాలు తీసేశాక గుమ్మం వైపు చూస్తూ పడుకున్నా. అందరూ వచ్చారు. గిన్నెలు తోమేవాడూ వచ్చాడు. నువ్వు రాలేదు."

"సిగ్గేసింది."

"ఇన్నేళ్ళూనా?"

"ఊఁ."

"ఛీ!" అన్నాడు బావమరిది. మరమేకుని నేలకేసి కొట్టాడు. "నీ సిగ్గు తగలెయ్య. మా అక్క రెండిళ్ళ మధ్య తిరిగి తిరిగి అరిగిపోయింది. ఛీ!"

కుడెడమ తల ఊపాడు. ఆ ఛీ అతనికి చాలా కాలంగా రావలసింది. వేరేవాళ్ళ దగ్గర్నించి వస్తే కాస్త నయంగానే ఉంది.

బావమరిది కమాండరు బొమ్మని వేలితో తిప్పి చూశాడు. "మొహం లేదేం?"

"చెయ్యి రాలేదు."

"వద్దులే. నేను చూసిందీ వీపే." టంకంకడ్డీ తీసుకుని మంట మీద పెట్టాడు. "రేపు ఇది హాలుకి పోవాలి. ఇలాగే పోవాలి. పట్టుకో, కదలకుండా."

కుడెడమ పట్టుకున్నాడు. బావమరిది కమాండరు నడుము పట్టీని మూత అంచుకి టంకం పెట్టి అతికించాడు, వెనక్కి తిరిగి ఉన్నవాణ్ణి ఉన్నట్టే. మళ్ళీ చేప లేచింది. ఇద్దరూ ముక్కులు మూసుకున్నారు.

మధ్యాహ్నం ఇద్దరూ నడిచి వచ్చారు, కర్ర చప్పుడు ముందు, కుడెడమ వెనక. గడప దగ్గర బావమరిది ఆగాడు. మొహం చిట్లించాడు.

"మీ ఇంట్లో ఏం చచ్చిందే అక్కా?"

లోపల గరిట చప్పుడు ఆగింది. తర్వాత ఆవిడ గొంతు వచ్చింది, జలుబు చేసినట్టు.

"వాగుడాపి లోపలికి రా. చెప్పు బయట విడిచిరా."

అతను విడిచి లోపలికి వెళ్ళాడు. కుడెడమ వంగి దాన్ని తీసి, గోడవారగా, తన జత పక్కన సర్దాడు. మూడు చెప్పులు. చూడటానికి రోతగానే ఉంది. ఆవిడ మళ్ళీ కేకేసింది. చేతులు రెండుసార్లు కడుక్కుని భోజనానికి వెళ్ళాడు.